ఎత్తుకెత్తు

డండీలో గాలి తలుపు తట్టదు.
కిటికీ పై రెక్క ఓ పక్కకి ఒరిగి
కుడి మూల వేలెడు, ఎడమ మూల గోరంత
వదిలిన సందులోంచి
వాటాదారులా వచ్చి కూర్చుంటుంది.

పదకొండు చలికాలాలు స్టూలెక్కి
ఆ సందులో గోనెగుడ్డ కుక్కాను.
ఈ ఊరికి గోనె కొత్త కాదు,
మా అమ్మమ్మ తన వినికిడంతా
జనపనార మిల్లులోనే వదిలి వచ్చింది.

కంపెనీ కుర్రాడు టేపు సాగదీసి
"మొత్తం పీకేసి ప్లాస్టిక్‌ది పెడదాం" అన్నాడు.
అతను చెప్పిన అంకె విని
కిటికీ కంటే ముందు
నా నోరు తెరుచుకుంది.

కింది అంతస్తు పెట్రీ గారు ఉలి అరువిచ్చారు,
పసిబిడ్డని చేతికందించినట్టు.
"అంచు జాగ్రత్త, ఇష్‌బెల్.
మా నాన్న ఓడలకి తలుపులు చెక్కిన ఉలి."

ఇల్లు కట్టి చూడమంటారు గాని
కిటికీ విప్పి చూడమని ఎవరూ అనరేం?
ముందు పక్క బద్ద. దాని మీద రంగు:
తెలుపు కింద మీగడ, మీగడ కింద ఆకుపచ్చ,
దాని కింద ఎవరి కోపమో, ముదురు ఎరుపు.
ఒక్కో పొర ఒక్కొక్కరి ఆదివారం.
బద్ద ఊడింది, సగం. మిగతా సగం
నా బొటనవేలి గోరు కింద దిగింది.

కింది రెక్క దించి గోడకి ఆనించాను.
పై రెక్క నా భుజమ్మీద కాసేపు ఊరేగింది.
చట్రం పక్కన, రంగులో కలిసిపోయి, చిన్న చెక్కమూత.
నాలుగు మరలు, నాలుగూ తుప్పు.
వెనిగర్ పోసి, టీ తాగి, తిట్టి, మళ్లీ తిప్పి...

ఎడమ పెట్టెలో ఉండాల్సిందే ఉంది:
తాడు చివర పోత ఇనుప కడ్డీ.
కుడివైపు చెయ్యి పెడితే
చల్లగా, గుండ్రాలు గుండ్రాలుగా.
ఏ చచ్చిన ఎలుకో అని లాక్కున్నాను.
ఆడవాళ్ల మేజోడు. నిండా
బ్రౌటీ ఫెర్రీ ఒడ్డున దొరికే గులకరాళ్లు.
మడమ దగ్గర రఫ్ఫు చేసిన కుట్టు,
పైన, కిటికీకి తాళి కట్టినట్టు, మూడు ముళ్లు.

ఆమె ఎవరో తెలీదు.
పొడుగు కాళ్ల మనిషి, అంతవరకు చెప్పగలను.
మేజోడు చిరిగితే కుట్టుకుంది,
కుట్టుకీ ఆగనప్పుడు కిటికీకి తొడిగింది.

వంటింటి కాటా తెచ్చాను.
కడ్డీ మూడున్నర కిలోలు.
మేజోడు మూడు కిలోల నూట యాభై.
అదీ సంగతి. ఇన్నేళ్లూ నేను తిట్టింది
గాలిని కాదు,
రాళ్లేరుతుండగా చీకటి పడ్డ
ఎవరి సాయంత్రాన్నో.

కొత్త తూకం పన్నెండు పౌండ్లు, గురువారానికి వస్తుందట.
ఫోన్ పెట్టేసి సొరుగు లాగాను.
పోయిన నెల బాగుచేస్తానని
నేను చంపేసిన ఇత్తడి కుళాయి: రెండువందల తొంభై.
ఇంకా అరవై కావాలి.
ఈ ఇంట్లో వంకర కొట్టిన మొలలన్నీ
డబ్బాలో దాచాను, ఎందుకో తెలీకుండానే.
పుస్తకాల అరవి తొమ్మిది, వాలిన తలుపువి ఆరు,
ఇంకా ఎక్కడివో రెండు.
కాటా ముల్లు నిలబడింది.

ఆమె ముళ్లు విప్పబుద్ధి కాలేదు.
మడమ కుట్టు పక్కన చిన్న కన్నం చేసి
అన్నీ దూర్చి నా కుట్టు నేను వేశాను.
వంకరగానే.

కొత్త తాడు. కప్పీకి చుక్క నూనె.
రెక్క ఒక్క వేలితో లేచింది,
పైకి పోయి చట్రానికి తల ఆనించింది.
గోనెగుడ్డ చేతిలో మిగిలింది;
ఏం చెయ్యాలో తోచక మడతపెట్టాను.

అప్పుడు చూశాను ఉలిని.
అంచులో బియ్యపుగింజంత ముక్క లేదు.

పెట్రీ గారు పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్నారు.
స్టూలెక్కి, పై రెక్క కిందికి లాగి,
తల బయటపెట్టి అడిగాను:
"సానరాయి కూడా ఉందా మీ దగ్గర?"