రెండక్షరాల నేను

బెర్గెన్‌లో నవంబరు. ఇరవై రోజులుగా ఒకటే వాన.
మూడో అంతస్తులో నా పని పేర్లు చెరపడం.
నా పనికి చట్టంలో ఒక్క వాక్యం ఉంది:
తెలియజేసిన వారెవరో బయటపడరాదు.
ఎలాగో రాయలేదు.
ఒక నల్ల మార్కర్ ఇచ్చారు, మూత బిగుతుది.

పొద్దున ఒక ఉత్తరం వచ్చింది.
ఆకాశరామన్న ఉత్తరమే. కవరు అంచులు తడిసి ఉన్నాయి.
స్కోర్‌దాల్ సొరంగంలో పొగను బయటికి తోసే పంకాలు
పద్నాలుగింటిలో తొమ్మిది తిరగడం లేదట.
తిరుగుతున్నట్టు ఏటా మే నెలలో
సంతకాలు మాత్రం క్రమం తప్పకుండా పడుతున్నాయట.

కింద పేరు లేదు.
లేని పేరును ఏం చెరుపుతాను?
మార్కర్ పక్కన పెట్టి కాఫీకి వెళ్లాను.

తిరిగొచ్చి మళ్లీ చదివితే
వాక్యం వాక్యంలోంచీ ఒక మొహం తొంగి చూస్తోంది.

"మంగళవారం నిచ్చెన పట్టుకున్నది నేనే."
నిచ్చెన పట్టుకునేవాళ్లు ఎందరుంటారు? గీత.
"మా చిన్నదాని బడి బస్సు ఆ దారినే."
ఆ దారిన బడికెళ్లే పిల్లలెందరు? గీత.
"నాకు ఎడమ చెవి వినపడదు.
ఆ నిశ్శబ్దం మాత్రం నాకే ముందు తెలిసింది."
ఇక్కడ చెయ్యి ఆగింది.
ఉత్తరం మొత్తంలో మనిషి ఊపిరి తగిలే చోటు ఇదొక్కటే.
కిటికీ అద్దం మీద జారే చుక్కల్ని కాసేపు చూశాను.
గీత.

ఇక మిగిలింది యాస.
మాకు రాతలు రెండు.
నగరపు రాతలో 'నేను'కి మూడక్షరాలు,
ఫ్యోర్డు లోపలి లోయల రాతలో రెండే.
ఉత్తరం నిండా ఆ రెండక్షరాల నేనే,
ముప్పై ఒక్కసార్లు. లెక్కపెట్టాను.
రోడ్ల శాఖలో అలా రాసేవాళ్లు
ఒక బల్ల చుట్టూ సరిపోతారు.
ఒక్క అక్షరం తక్కువ,
ఉద్యోగం ఊడడానికి అది చాలు.

ఆ మాట మా తాతది. నాదీ.
తొమ్మిదో ఏట ఈ ఊరి బడిలో నోరు తెరిచి
క్లాసంతా నవ్వితే
ఇంటికెళ్లేలోగా మూడో అక్షరం నేర్చుకున్నాను.
నన్నెవరూ మార్కర్‌తో గీయలేదు,
నేనే గీసుకున్నాను.

మా పైఅధికారి రాగ్న్‌ఫ్రిడ్‌ని అడిగాను.
"మన మాటల్లో తిరగరాసి పంపు,
అసలుది ఇనప్పెట్టెలో పెట్టు" అంది.
సాయంత్రం దాకా కూర్చుని
లోయలోని ఆ గొంతును నగరానికి తెచ్చాను,
వస్తూ దారిలో ఉప్పూకారం పోయాయి.
అంకెల్ని మాత్రం ముట్టలేదు.
పద్నాలుగు. తొమ్మిది. మూడు మే నెలలు.

నాలుగింటికి శాఖ వకీలు హెల్లెసుండ్ ఫోను.
ఎంత మర్యాద! వాళ్లావిడ ఒంట్లో బాగోలేదని కూడా చెప్పాడు.
"రాసిందెవరో నాకెందుకండీ,
ఏ లోయవాళ్లో చెప్పండి చాలు."
"ఇక్కడ వాన పడుతోంది," అన్నాను, "అక్కడా పడుతోందా?"
కాసేపు తీగలో ఏ శబ్దమూ లేదు.
"పడుతోంది," అన్నాడు.

ఇనప్పెట్టెకు తాళాలు రెండు,
ఒకటి రాగ్న్‌ఫ్రిడ్ దగ్గర, ఒకటి నా మెడలో.
చలికి అది కాసేపటికి గానీ వెచ్చబడదు.

ఇంటికెళ్లే బస్సు ఆ సొరంగంలోంచే పోతుంది.
తలెత్తి పంకాలు లెక్కపెడుతూ
ఊపిరి బిగబట్టానని బయటపడ్డాక తెలిసింది.

ముందు సీట్లో ఒకావిడ
డ్రైవరు ఏదో అంటే
తల మొత్తం తిప్పి కుడి చెవి ఒగ్గింది.

నేను కళ్లు మూసుకున్నాను.
ఎడమ చెవి వినపడనివాళ్లు
ఈ ఊళ్లో ఎందరో ఉంటారు.

ఎందరో ఉండాలి.