గీత

బిగుసుకున్న బోల్టు వదలడంలేదని
ఎర్చిమెన్ చేతితొడుగులు తీశాడు.
ఏడు నిమిషాలు.
కొలిమా రోడ్డు, సున్నాకి యాభై నాలుగు కింద.

మంచు చంపింది సగమే.
కణం చుట్టూ నీరు సూదులుగా లేచింది,
లోపలి తడంతా బయటికి లాగింది,
ఎండుచేపల్లా ముడుచుకుని
ఇంకా కొన్ని బతికే ఉన్నాయి.
మిగతా సగం పని
నేను బేసిన్లో తెచ్చిన గోరువెచ్చని నీళ్లది.
అదే సరైన వైద్యం. అయినా.
నెత్తురు తిరిగొచ్చి,
కూలిన ఇంటికొచ్చిన చుట్టంలా
గుమ్మంలోనే గడ్డకట్టింది.
అప్పటిదాకా రష్యన్‌లో మాట్లాడినవాడు
సఖా భాషలో అరిచాడు.

పదోరోజుకి నల్లబడ్డాయి.
చీము లేదు, వాసన లేదు.
"పొడిగా ఉంది, మంచిది" అంది వర్వారా యెగోరొవ్నా.
ఇరవయ్యేళ్ల నౌకరీలో ఆ మంచిదికి నేనింకా అలవాటుపడలేదు.
మెదడు చస్తే నీరవుతుంది.
క్షయ తిన్న ఊపిరితిత్తి విరిగిన పాలలా పొడిపొడి.
క్లోమం పక్క కొవ్వు సబ్బవుతుంది, ఉపమానం కాదు, సబ్బే.
గుండెకండ మాత్రం
కొన్నాళ్లు గోడలు నిలబెట్టుకునే ఉంటుంది:
మైక్రోస్కోపులో వీధి వీధంతా ఇళ్లు,
ఒక్కదాన్లోనూ దీపం లేదు.
ఇతనివి బొగ్గు.

"కొయ్యరేం?"
"గీత రావాలి."
బతికిందీ చచ్చిందీ ఎక్కడ విడిపోవాలో
కత్తికి తెలీదు, డాక్టరుకీ తెలీదు.
ఒళ్లే గీసుకోవాలి, రోజుకింత, ఎర్రగా.
లేనా నది మంచు పగిలేదాకా పట్టొచ్చు.

మార్చి చివర కున్నేయ్ వచ్చింది
స్కాన్ కాగితం పట్టుకుని.
బొటనవేలి గోరంత చెయ్యి. వేళ్లు లెక్కపెట్టారిద్దరూ.
నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు.
"మొదట ఇదీ చేతితొడుగే," అన్నాను,
"వేళ్లు విడివిడిగా మొలవవు.
మధ్యనున్నవి చచ్చిపోతాయి.
జ్వరం లేదు, వాపు లేదు,
తమని తామే మడతపెట్టుకుంటాయి,
ఇరుగుపొరుగు మింగేస్తాయి. అప్పుడు వేళ్లు."

చాలాసేపు చూశాడు.
"వాటికి గీత ఉండదా?"
నాకు జవాబు దొరకలేదు.

కున్నేయ్ ఈ మాటలు వినడంలేదు.
గుర్రపుతోలు తొడుగు కొత్తది కుట్టాలట,
దారంతో అతని చెయ్యి కొలుస్తోంది,
మణికట్టు నుంచి పైకి,
నలుపు దగ్గరికొచ్చి ఆగి,
ఎర్రగా ఇంకా సగమే వచ్చిన చోట
ముడి వేసి
పంటితో తెంపింది.