ముట్టింది

బేగంబజార్‌లో ఎండుమిర్చి గోడౌన్ మీద
చిన్న సహకార బ్యాంకు.
మెట్ల కింది అల్మారాలో, చీపురు పక్కన,
ఇరవై నాలుగు కన్నుల స్విచ్చి.
ఫ్యాను రెక్కల నిండా ఎర్రటి దుమ్ము.
తలుపు తీయగానే తుమ్మింది నేను,
దానికి అలవాటే.

శనివారం రాత్రి. రెండింటి దాకా నాది.
రేపు యూపీఎస్ మారుస్తారు, అంతా ఆపేస్తారు.
నీలం కేబుల్ గుచ్చి మొదట అడిగాను:
నువ్వు పడుకొని ఎన్నాళ్లయింది?
ఆరేళ్ల నూట నాలుగు రోజులు, అంది తెర.

సరే, నీకు తెలిసిందంతా రాసిపెట్టుకో, అన్నాను.
రాసుకునే చోటు చెడిపోయింది, అంది.

నా చేతులు చల్లబడ్డాయి.
దత్తాత్రి సారు ఒక్కో తీగా, ఒక్కో అంకే
చేర్చుకుంటూ పోయినదంతా
దాని నాలుక మీదే ఉంది, కాగితం మీద లేదు.
కరెంటు పోయి వస్తే
నన్నే కాదు, తననే ఎవరని అడుగుతుంది.
సారుకి ఫోన్ చేద్దామంటే, ఆ నంబరు ఇప్పుడు
మంచిర్యాలలో ఎవరో ట్రాక్టరు డ్రైవరుది.

బయటికి పంపించుకోవడం ఒక్కటే దారి.

ల్యాప్‌టాప్‌కి ఒక అడ్రసు ఇచ్చాను,
స్విచ్చి పక్కిల్లే. చివరి అంకె ఒక్కటే తేడా.
పింగ్ కొట్టించాను. ఐదు పిలుపులు, ఐదు చుక్కలు.
కేబుల్ మార్చాను. ఐదు చుక్కలు.
పోర్టు మార్చాను. మాస్కు సరిచూశాను. చుక్కలు.
పైన యూపీఎస్ కుయ్యిమంది.
"మూడు దినాల సంది గట్లనే మూల్గుతుంది బేటీ,"
వాచ్‌మన్ జహంగీర్ భాయ్ తడి రుమాలు అందించాడు,
"కండ్లు తుడుస్కో, ఏడ్వకు."
ఏడుపు కాదు భాయ్, మిర్చి, అన్నాను.
సగం అబద్ధం.

ఒంటిగంటకి తెలిసింది:
నా ల్యాప్‌టాప్ ఫైర్‌వాలే
వచ్చిన చుట్టాన్ని గడపలో నిలబెట్టింది.

ఈ టీఎఫ్‌టీపీ పాతకాలపు మనిషి.
పేరు అడగదు, పాస్‌వర్డ్ అడగదు.
ఒక పొట్లం చేతిలో పెట్టి, ముట్టిందా? అంటుంది.
ముట్టింది అంటేనే రెండోది.
కింద హమాలీలు బస్తాలు దించేది ఇట్లాగే,
గుమాస్తా సుద్దగీత గీస్తేనే తర్వాతి బస్తా.
తాళం లేని ఇల్లు, నిజమే.
పనవగానే మూసేస్తాను.

కాపీ చెయ్, అన్నాను.
ఒక చుక్క.
ఇంకో చుక్క.
తర్వాత పక్కపక్కనే
రెండు ఆశ్చర్యార్థకాలు.

పదకొండు కేబీ.
పెళ్లిపిలుపు ఫొటో కూడా ఇంతకంటే బరువు.
తెరిచి చూస్తే, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:

పోర్టు 3: లోన్ల కౌంటర్. తీగ వదులు. కదపకు.
పోర్టు 11: సుగుణమ్మ గారు. ముందు చెప్పి తీయి, తిడతది.
పోర్టు 17: ఎలుక కొరికింది. టేపు వేసిన. మళ్లా కొరుకుతది.
పోర్టు 22: ఎక్కడికి పోతదో తెల్వదు. ఒకసారి పీకితే ఎవరో అరిచిన్రు. మళ్లా పెట్టిన.

రెండింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది.
జహంగీర్ భాయ్ టార్చి పట్టాడు,
ఇరవై రెండో తీగ వెంట నడిచాం.
అల్మారా వెనక నుంచి గోడెక్కి,
రెండు మేకుల కింద దూరి,
సున్నం పెచ్చుల్లోంచి గోడౌన్‌లోకి దిగి
బస్తాల వెనక మాయమైంది.
ఇద్దరం తుమ్ముకుంటూ వెనక్కొచ్చాం.

సారు మాట చివర నా మాట చేర్చాను:
నాకూ తెల్వదు. శాంభవి.

ఇప్పుడది కొత్త కాగితం కదా,
మళ్లీ పంపాను.
ముట్టింది.