కట్టెల దూరం

ఇనుముతో కొడితే రాయి మొండికేస్తుంది,
నిప్పుతో అడిగితే ఒప్పుకుంటుంది
అనేవాడు మా తాత మజారిరె.

గుండు మీద కట్టెలు పేర్చి
పగలంతా కాల్చి
పొద్దు వాలాక చన్నీళ్ళు పోసేవాళ్ళు.
కొండ ఒక్కసారి దగ్గేది.
ఉల్లిపొరలా పలక లేచి వచ్చేది.

ఆ పలకలే గోడ.
సున్నం లేదు, అడుసు లేదు,
బరువు మీద బరువు, అంతే.
ఆరుగురు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడ్డా
కొస అందని గోడ.
దాని లోపల రాజు.
ఆయన్ని మేమెవరం చూడలేదు.
ఆయన దగ్గితే మాత్రం
కొలువంతా దగ్గాలని ఆనవాయితీ,
అది వినపడేది.

తూర్పు సముద్రం నుంచి నెలల తరబడి నడిచి
గాజుపూసలు వచ్చేవి.
ఆకుపచ్చ పింగాణీ గిన్నె ఒకటి వచ్చింది,
అందులో ఏం తినాలో తెలీక
రాణి ఉంగరాలు దాచుకుందట.
ఇటునుంచి బంగారం వెళ్ళేది, ఏనుగు దంతం వెళ్ళేది.
ఇసుక కడిగే మా ఆడవాళ్ళ వేళ్ళు
ఏడాది పొడుగునా నానిపోయి ఉండేవి.

పొగ. ఎప్పుడూ పొగ.
మా ఊరు రెండు రోజుల నడక దూరం నుంచే
కనపడుతుందని గొప్పలు చెప్పుకునేవాళ్ళం.

మా అమ్మమ్మ కట్టెలకి వెళ్తే
పొయ్యి మీద జొన్న సంకటి ఉడికేలోపు వచ్చేసేది.
మా అమ్మ వెళ్తే
నేను పాలకి ఏడ్చి, నిద్రపోయి,
మళ్ళీ లేచి ఏడ్చేదాన్నట.
నేను వెళ్ళే రోజులకి
వేగుచుక్కతో బయల్దేరితే
తిరిగొచ్చేసరికి
నా నీడ నాకన్నా ముందు ఇల్లు చేరేది.

నా పేరు ముచనేత.
'మీరే అలసిపోతారు' అని అర్థం.
పొరుగువాళ్ళతో తగువు పడి
వాళ్ళకి వినపడాలని మా నాన్న పెట్టాడు.
పొరుగువాళ్ళు అలవలేదు.
మోపు కింద నా మెడ అలిసింది.

గడ్డి సంగతీ అంతే.
రాజుగారి మందలు మూడు కొండలు తిన్నాక
నాలుగో కొండ దాకా నడవలేక
డొక్కలు తేలాయి.
ఉప్పు చిటికెల్లోకి వచ్చింది.
నా పెద్దబిడ్డకి మొల చుట్టూ మూడు వరసల పూసలు,
ఆఖరిదానికి ఉత్త దారం.

ఉప్పు వెతకడానికని
రాజు కొడుకొకడు ఉత్తరానికి వెళ్ళాడు.
అక్కడ బాగున్నాడని కబురొచ్చింది.
ఆ కబురు విన్నరోజు
మా తాత అన్నం ముట్టలేదు.

ఇప్పుడు పిల్లలకి కథ చెప్పే ముసలాయన
నన్ను నిలదీస్తాడు:
యుద్ధం ఎక్కడ జరిగింది? శత్రువు పేరేమిటి?
ఏ పేరని చెప్పను?
ఈటె పడలేదు. గోడ కూలలేదు.
ఒక పొద్దున ఎదురింటి పొయ్యి రాజుకోలేదు.
మర్నాడు దాని పక్కది.
ఇంకో నెలకి మా పొయ్యి ఆరిపోయి
నిప్పు కోసం వీధిలోకి వస్తే
అడగడానికి ఇల్లే లేదు.

ఎక్కడో కొలిమిసాలలో దొరికిన కణికల్ని
కుండలో పోసి, బూడిద కప్పి
మేమూ నడిచాం.
తాత రానన్నాడు.
గోడకి వీపు ఆనించి కూర్చుని
"ఈ ఒక్క వరసకి ఎన్ని చెట్లు కాల్చానో
లెక్క తేలడం లేదు, మీరు పదండి" అన్నాడు.
వాగు దాటాక వెనక్కి చూశాను.
ఊరి మీద ఆకాశం
అంత నీలంగా ఉంటుందని నాకు తెలీదు.

ముప్పై వానాకాలాలు పోయాక
తప్పిపోయిన ఆవుని వెతుక్కుంటూ
నా మనవడు గరికాయి అటు వెళ్ళొచ్చాడు.
గోడలు అలాగే ఉన్నాయట.
రాజు కూర్చునే చోట అడవి మేడి మొలిచి
కొమ్మలు గోడ మీదుగా బయటికి వంగాయట.
వాకిళ్ళ నిండా ముళ్ళకంప, లోపలికి దారే లేదట.
"ఎంత రాజ్యం అవ్వా, ఎంత ఎత్తు!"
వాడు చేతులు బారచాపి చూపిస్తున్నాడు.

నేనొక్కటే అడిగాను,
కట్టెలు దగ్గరేనా అని.