రంగు రాని గుంట

మోటారుసైకిలు మీద వచ్చింది నీ నెత్తురు.
ఉన్ని మేజోడులో చుట్టిన మూడు చిన్న సీసాలు,
గొంబొసురెన్ మనవరాలు యాంజిన్ కోటు లోపల
ఆమె ఒంటి వెచ్చదనం అరువు తెచ్చుకుని.
నాలుగు గంటల దారి. హెర్లెన్ నది మీద మంచు
అప్పుడప్పుడే పగుళ్లిస్తోంది.

కాగితంలో గుర్రం పేరు అని ఒక గడి.
యాంజిన్ కలం ఆపి నా వంక చూసింది.
మా వైపు గుర్రానికి పేరు పెట్టరు,
రంగుతో పిలుస్తారు, అంతే.
ఒక్క రంగుకూ పక్క రంగుకూ మధ్య
ఎన్ని మాటలో మా ముసలివాళ్ల దగ్గర!
"ఖాల్జన్ హేర్" అని రాసింది.
కాగిన బెల్లం ఒళ్లు, నల్లని జూలు,
నుదుటి నుంచి ముక్కు దాకా పాలు ఒలికిన చార.
అలా అనుకోవాలి నేను. నిన్ను చూడనేలేదు.

ఒక చుక్కను గాజు మీద పలచగా లాగాను,
చివర ఈక అంచులా తేలేదాకా.
ఊదా నీళ్లలో ముంచి, ఆరబెట్టి,
కన్ను ఆనించాను.

పన్నెండేళ్ల కిందట మొదటిసారి చూశాను వాళ్లని.
ఒకే కణంలో నలుగురు,
తోకలు ఒకచోట కలిపి
తలలు నాలుగు దిక్కులకూ పెట్టి పడుకున్న
అన్నదమ్ముల్లా.
అది దూరదేశం నుంచి కొనుక్కొచ్చిన పోతుగుర్రం.
మొదటి వసంతమే పిడుదులు పట్టాయి.
మూత్రం పోసిన చోట మంచు ఎర్రబారింది,
చిగుళ్లు పసుపు తేలాయి,
ఐదో రోజు మోకాళ్ల మీద కూలింది.
దాని నెత్తుటిలో వెతికే పనే లేదు,
ఎక్కడ చూస్తే అక్కడే వాళ్లు.

నీలో ఎవరూ లేరు.
వంద చోట్ల చూశాను. మరో వంద.
మెడ పట్టేసింది. పొయ్యి మీద టీ మరిగి మరిగి ఇంకిపోయింది.
కణం పక్కన కణం, గుండ్రంగా, నిండుగా,
ఏ తప్పూ ఎరగని ముఖాలు.

నమ్మలేదు నేను.
కొందరు దొంగలు దోచుకుని పోరు.
ఇల్లరికపుటల్లుళ్లలా స్థిరపడిపోతారు,
తక్కువ తిని, గొంతెత్తకుండా.

తొంభైఆరు గుంటల పలక తీశాను.
తిరకాసు పరీక్ష ఇది.
వాళ్లని ఎరగని నెత్తురైతే గుంట నీలం తేలుతుంది.
ఎరిగిన నెత్తురు ముందే చోటు పట్టేసి
రంగును లోపలికి రానివ్వదు.

పావుగంట.
పక్క వరసలు నీలం పూశాయి.
నీ గుంట కడిగి బోర్లించిన గ్లాసులా మిగిలింది.
రంగుతో తప్ప పిలవని నిన్ను
రంగు రాకపోవడంతో గుర్తుపట్టాను.

సరిహద్దు అవతలి బేరగాడికి ఈ ఒక్క కాగితం చాలు,
బేరం విరగడానికి.
అక్కడి నేలకి ఈ జబ్బు తెలియదు.
అక్కడి పిడుదు ఒక్కటి నిన్ను కుట్టి
పక్క గుర్రం మీదికి పాకితే...

ఫోన్ చేశాను. గాలి హోరులో ముసలాయన గొంతు:
"పరుగెడుతుందా?"
పరుగెడుతుంది.
"పిల్లకి పాలిస్తుందా?"
ఇస్తుంది. కానీ దాని నెత్తుటిలో
"అమ్మాయ్, దాని తల్లిదీ అదే నెత్తురు.
దాని తల్లి తల్లిదీ.
నీ అద్దం ఇప్పుడు చూసింది, అంతేగా."
లైను తెగింది.

చెప్పాల్సింది ఇంకా ఉంది.
చూలు నిలవకపోవచ్చని,
నిలిచినా పిల్ల పసుపు కళ్లతో పుట్టొచ్చని.
కాగితం వెనకవైపు రాసి పంపాను.

నెల తరవాత యాంజిన్ మళ్లీ వచ్చింది.
తాత పంపాడని ఒక సీసాడు పులిసిన గుర్రప్పాలు,
ఒక అగ్గిపెట్టె.
అగ్గిపెట్టె మీద వంకర అక్షరాలు: "వీడేనా?"

లోపల పిడుదు. ఒక్కటే. ఎండిన గింజంత.
పారేయలేదు. బీరువా పై అరలో పెట్టాను.
ఇప్పుడు శరత్తు. తిండి లేదు, నీళ్లు లేవు,
చచ్చే ఉంటుందని మూత తీస్తాను.
నా ఊపిరి తగలగానే
ముందుకాళ్లు రెండూ ఎత్తి చాపుతుంది.