జిగురు ఆరేలోపు

బరంపురంలో మా కొట్టు వెడల్పు మూడు బారలు.
మా అయ్య కాళ్లాడించిన మగ్గం గుంట పూడ్చి
దాని మీదే ప్రెస్సు నిలబెట్టాం.
చీర అంచులో గుడి బురుజులు ఎక్కించిన ఇంట్లో
ఇప్పుడు పరిశోధనలకి అట్టలు ఎక్కిస్తున్నాను.
మిగిలిన పట్టుదారం పారేయబుద్ధికాక
దాంతోనే కుడతాను.
భంజబిహార్ పిల్లలకి ఆ సంగతి తెలీదు.

మైదా ఉడికించి
చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు.
పురుగుకి భౌతికశాస్త్రమైనా చరిత్రైనా ఒకటే రుచి.
నాకూ పెద్ద తేడా తెలీదు,
ఎనిమిదో తరగతి, అదీ ఒడియాలో.
ఇంగ్లీషు కూడబలుక్కుంటాను.
అంకెలు మాత్రం ఎవరివైనా చదివేస్తాను.

ఈ వారం నాలుగొచ్చాయి.

లిప్సా పాణిగ్రాహిది తాబేళ్ల మీద.
ఋషికుల్య మొగలో ఒక్క రాత్రి ఎన్ని గుంటలు తవ్వాయో,
గుంటకెన్ని గుడ్లో,
ఇసుక వెచ్చబడేకొద్దీ
ఎంతమంది ఆడపిల్లలు పుడతారో.
ఆ పేజీ దగ్గర నా చెయ్యి కాసేపు ఆగింది.

సనాతన్ ఫిజిక్సు. అతనిదీ ఆ ఇసుకే.
గుప్పెడు తెచ్చి సీసపు పెట్టెలో మూసి
లోపల్నించి వచ్చే టిక్కుటిక్కులు
రాత్రంతా లెక్కపెట్టాట్ట.
"సముద్రం పక్కన లేకపోయినా
మాట్లాడుతూనే ఉంటుందక్కా" అన్నాడు,
బంగారు అక్షరాలకి బేరమాడుతూ.

తవిటినాయుడు కామర్సు.
తాబేళ్ల కోసం వేట ఆపే నెలల్లో
పల్లెవాళ్లు ఎవరి దగ్గర తెచ్చారు, నూటికెంత,
ఏ ముక్కుపుడక ఏ బ్యాంకు బీరువాలో ఉంది.
పేర్లుండవు.
నలభై రెండో కుటుంబం, నలభై మూడో కుటుంబం,
అలా రెండొందల పది.

నాలుగోది జమునా సాహుకారిది. గాలుల పేర్లు.
నోళియా వాడల తెలుగులో ఏ గాలిని ఏమంటారో
ఇంగ్లీషు మధ్య తెలుగక్షరాల్లో వేసింది.
అమ్మమ్మ పొయ్యి బూడిదలో దిద్దించినవి
ఇన్నాళ్లకి అక్కరకొచ్చాయి.

ఒకరి మొహం ఒకరు ఎరగని నలుగురు
నా ప్రెస్సు కింద ఒకరి మీద ఒకరు పడుకున్నారు.
అంచులు కోస్తూంటే
కృతజ్ఞతల పేజీల్లో ఒకే పేరు తగిలింది.
ఎర్ర టార్చీ పట్టుకుని వెంట నడిచినందుకు
మైలపల్లి దానయ్యకి.
పెరట్లో ఇసుక తవ్వుకోనిచ్చినందుకు మైలపల్లి దానయ్యకి.
మాటలిచ్చినందుకు, చేపల పులుసు పెట్టినందుకు
దానయ్య తాతకి.
నాయుడి పుస్తకంలో మాత్రం లేదు.

శనివారం మధ్యాహ్నం ఆ దానయ్యే వచ్చాడు.
చెప్పులు మెట్టు కిందే విడిచి
గడపలో నిలబడ్డాడు.
"నా మాటలేవో బుక్కులో కట్టేరంట.
ఓపాలి సూపించమ్మా."

కూడబలుక్కుని చదివాను.
కొండగాలి: మధ్యాహ్నం పూట వీచేది.
ఆయన నవ్వలేదు.
"మద్దేన్నం కొండగాలేటి?
తెల్లారకముందే దిగిపోద్దది.
దాన్ని నమ్ముకునే గదా తెప్ప తోసీది.
ఈ లెక్కన ఎల్తే
ఆ గుంట ఒడ్డునే కూకుండిపోద్ది."

కాసేపాగి, గొంతు తగ్గించి,
"ఇంకో బాబు అప్పులడిగేడు.
నాదెంతేసేడో సూడు.
ఇంజను తాకట్టు, మనవరాలి నర్సింగు ఫీజు."

వేలు పెట్టి వెతికాను. నలభై మూడు.
పద్దెనిమిది వేలు.

"ఇరవై రెండు," అన్నాడు.
"ఆ బాబు సదువుకున్నోడు.
ఆడి ముందర సిగ్గేసి తగ్గించి సెప్పినాను."

ఆయన వెళ్లాక
జిగురు మీద మీగడ కట్టింది.
జమునకి ఫోన్ చేశాను. సోమవారం వైవా.
"అక్కా, ఆపండి, అతికించకండి,
ఆ పేజీ మళ్లీ తెస్తున్నా" అని
ఆటోలోంచే అరిచింది.
వానలో పరిగెత్తుకొచ్చింది, ఒక్క కాగితం కోసం.

నాయుడి నంబరూ ఉంది నా దగ్గర.
ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.
మళ్లీ పక్కన పెట్టి
సూదిలోకి దారం ఎక్కించాను.
మెరూన్ రంగు, మా అయ్య ఆఖరి చీరలోది.

నాలుగు వేల తేడా
ఆ కుట్టు కింద ఉండిపోయింది.