యాసంగి

నాంపల్లి స్టేషన్‌లో గురువారం పొద్దున దిగుతాడు
రబ్బీ నెహెమ్యా నౌగావ్‌కర్.
చేతిలో స్టీలు టిఫిను, సంకలో గొడుగు,
ఏ కాలమైనా గొడుగే.

లాలాగూడలో మా వాచ్‌మన్ నర్సిమ్లు
ఆ పిలుపు మొదటిసారి విని
"రబీ అంటే యాసంగి గదమ్మా,
మనిషికి పంట పేరు పెట్టిన్రా?" అన్నాడు.
నవ్వాపుకోలేక గేటు పట్టుకున్నాను.
అప్పట్నుంచి నెలనెలా ఇంటర్‌కంలో అదే కబురు:
"యాసంగి వచ్చిండు, పైకి తోలిన."

మేం పదకొండు మందిమి.
కళ్ళజోళ్ళ దుకాణం పెట్టిన కొచ్చిన్ వాళ్ళిద్దరు,
బొంబాయి వైపు నుంచి ఐదుగురు,
కృష్ణ ఒడ్డున పుట్టి తెలుగులోనే తుమ్మే మేం నలుగురం.
ఒకే కీర్తనని మూడు దారుల్లో పాడి
చివరి మాట దగ్గర కలుసుకుంటాం.
ఒక్కోసారి అక్కడా కలవం.

ఆయన రాగానే పుస్తకం తియ్యడు.
రానివాళ్ళని లెక్కపెడతాడు.
"ఎజ్రా ఏడీ?"
ఎజ్రాకి కోపం నా మీదేనని తెలిశాక
నన్నే ఆటో ఎక్కించి మల్కాజిగిరి తీసుకెళ్ళాడు.
దారంతా ఒక్క నీతి చెప్పలేదు.
గుమ్మం ముందు గొడుగు నా చేతికిచ్చి
తను చెప్పుల దగ్గరే ఆగిపోయాడు.

శుక్రవారం మసీదులో మగ్రిబ్ ఆజాన్ మొదలయ్యేలోపే
మా దీపాలు వెలగాలి.
ఓ వారం పుల్ల గీయబోతుంటే ఆజాన్ వినిపించింది.
అగ్గిపెట్టె కింద పెట్టమని కళ్ళతోనే చెప్పాడు.
ఆ రాత్రి ట్యూబ్‌లైటు కిందే పాడాం,
ఎందుకో, బాగానే పాడాం.

రైల్వే ఆసుపత్రిలో రాత్రి నర్సుని నేను.
నాలుగేళ్ళుగా గొంతులో ఒక ముల్లు.
శనివారం తెల్లవారుజామున మూడింటికి
ఏడో నంబరు మంచం మీది లోకోషెడ్డు ఫిట్టరుకి
పెదాలు నేరేడుపండు రంగు తిరిగాయి.
సిలిండరు మర మీద నా చెయ్యి ఆగింది.
ఎంతసేపు? రెండు గుటకలు.
తిప్పాను. బతికాడు.

"విశ్రాంతి దినాన మర తిప్పాను,
పాపమా?" అని అందరి ముందూ అడిగాను.

ఆయన మొహం మాడిపోయింది.
ఆ ఒక్కసారే గొంతు పెంచాడు:
"తిప్పావు, సరే. ఆగావే,
ఆ రెండు గుటకల ఊపిరి ఎవరిది?"

కంచాల మీద చేతులు కదల్లేదు.
వంటింట్లోకి వెళ్ళి
కుళాయి తిప్పి నిలబడ్డాను.

తర్వాతి నెల
టిఫిను దించకముందే, చెప్పులు విడవకముందే,
అందరి ముందూ నా వైపు తిరిగాడు.
"ఆగిన చెయ్యి నాది.
ప్రాణం వస్తే ఏ దినమైనా పక్కకి జరగాలని
నువ్వు అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది.
ఏడేళ్ళుగా వస్తున్నాను,
మీ రాగాలు దిద్దాను గాని
ఇది చెప్పలేదు."
తర్వాత మంచినీళ్ళు అడిగాడు.
ఎజ్రా లేచి తెచ్చిచ్చాడు.

"యాసంగికి నీళ్ళెక్కడివి నర్సిమ్లూ?"
"వానలు పోయినంక మన్నుల తడి ఉంటది గదమ్మా.
ఇంక బోరు. ఇంక నసీబు."

మొన్న శనివారం, మళ్ళీ మూడింటికే,
రెండో నంబరు మంచం.
చెయ్యి ఆగలేదు.
గాలి బుస్సుమంది, ఛాతీ లేచింది.
పెన్ను తీసి చార్టులో టైము రాశాను.

రాయడం కూడా కూడదంటారు ఆ రోజు.
వచ్చే నెల అడగాలి.
అడగాలా, అక్కర్లేదా అన్నది
ముందు అడగాలి.